రెండూ కలిపి దాచాలి

గిద్దలూరు నుంచి మా ఆఫీసుకు స్విచ్చులు, వైర్లు తెచ్చే దుకాణం అతను పోయిన వారం డబ్బాలు దించుతూ, "మీ సాయిబు సారు పోయినాడు కదక్కా. నెల దాటిపాయె. మీకెవురూ చెప్పలేదా?" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. నేను తెలిసినదానిలాగా తల ఊపి డబ్బాలు అలమరలో సర్దుకున్నాను. పొద్దంతా ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయాక, మూలన ఉన్న పాత కంప్యూటర్ మీద కప్పిన గుడ్డ తీసి ఆన్ చేశాను.

అది ఆయన కంప్యూటర్. మా ఆఫీసు వదిలిన రోజు సాయంత్రం ఆయన అందులో స్టేటు అనే ఫైలొకటి దాచి పోయారు. మూడేళ్లుగా అది అక్కడే ఉంది, మూడేళ్లుగా నేను దాని జోలికి పోలేదు. ఆయన మీద నేనొక అబద్ధం చెప్పాను. అది మూడేళ్లపాటు మా ఆఫీసులో నిజంలా చలామణి అయింది. ఆయన బతికుండగా చెప్పవలసిన మాట చెప్పలేకపోయాను. ఇక ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఇది రాస్తున్నాను.

మాది మార్కాపురంలో ఒక పలకల గోడౌను మీద, రెండు గదుల కంపెనీ. పొలాల్లో బోరు మోటార్లకు బిగించే డబ్బాలు చేస్తాం. రైతు ఇంట్లో మంచం దిగకుండా ఫోన్ నొక్కితే పొలంలో మోటారు తిరుగుతుంది. డబ్బాలో ఒక బోర్డు ఉంటుంది. కరెంటు రాగానే ఆ బోర్డులో అన్నిటికంటే ముందు నడిచే చిన్న ప్రోగ్రాం పేరు బూట్‌లోడర్. నేను చేరిన రోజున దాని గురించి ఆయన చెప్పిన పాఠం ఇంతే.

"ఇంట్లో అందరికంటే ముందు లేచే మనిషి ఒకామె ఉంటది సూడు బేటా. వాకిలి చిమ్మి, పొయ్యి ముట్టించి, ఒక్కొక్కర్నే లేపి, ఆమె పక్కకు తప్పుకుంటది. ఆమె పని ఎవురికీ కనపడదు. ఒక్కరోజు ఆమె లేవలేదనుకో, ఇల్లు లేవదు."

పొద్దున తొమ్మిదికి నేను పోయేసరికి ఆయన షట్టరు తీసి, గదులు ఊడ్చి, కిటికీలు తెరిచి, తాగే నీళ్లు పట్టి ఉంచేవారు. చెయ్యమని ఎవరూ అనలేదు. చేస్తున్నారని కూడా ఎవరూ గమనించలేదు, నేను తప్ప. నేను గమనించింది కూడా తప్పు పట్టడానికే. "ఊడ్చే పని మీకెందుకు సార్, చూసేవాళ్లకు బాగుండదు" అనేదాన్ని. "సూసేవాళ్లు తొమ్మిదికి కదా వచ్చేది" అనేవారు.

ఇరవై ఏళ్లు గిద్దలూరులో టీవీలు, రేడియోలు బాగుచేసిన మనిషి. టీవీలు బాగుచేయించుకునే కాలం పోయాక, నలభై దాటిన వయసులో కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. చొక్కా జేబులో టెస్టర్ మాత్రం వదల్లేదు. నిజానికి దానితో ఆయనకు పనే లేదు. ఆయన పనంతా తెర మీద. నిజం బోర్డు ఎలా నడుస్తుందో అచ్చం అలాగే కంప్యూటర్లో నడిచే ఎమ్యులేటర్ మీద. ఆయన దాన్ని ఉత్తుత్తి బోర్డు అనేవారు. "ఉత్తుత్తి బోర్డు షాకు కొడుతుందా సార్, టెస్టర్ దేనికి?" అని ఆటపట్టిస్తే, "బోర్డుకు కాదులే బేటా, జేబుకు. అది లేకపోతే జేబు వెతుక్కుంటది" అనేవారు.

నిజం బోర్డును వందసార్లు చంపలేం. ఉత్తుత్తి బోర్డును చంపొచ్చు. కొత్త ప్రోగ్రాం ఎక్కుతుండగా సగంలో కరెంటు పోతే డబ్బా మళ్లీ లేస్తుందా, లేవదా? మా వైపు పొలాల కరెంటు సంగతి తెలిసినవాళ్లకు ఈ ప్రశ్న ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు. అందుకని ఉత్తుత్తి బోర్డును ఒకచోట ఆపి, ఆ క్షణాన అది ఎలా ఉందో అంతా ఒక ఫైలుగా దాచుకుంటాం. దాన్నే స్టేటు అంటాం. కరెంటు తీసేస్తాం. బోర్డు చస్తుంది. దాచిన స్టేటు తిరిగి ఎక్కిస్తాం. ఏమీ ఎరగనట్టు ఆపినచోటే లేచి కూర్చుంటుంది. మళ్లీ చంపుతాం, ఈసారి ఇంకొంచెం ముందుకు పోయాక. రోజంతా ఇదే పని.

చేరిన వారానికి నేను, "మనిషికి కూడా ఇట్లాంటి బటన్ ఒకటి ఉంటే ఎంత బాగుండు సార్" అన్నాను. ఈ పనిలోకి వచ్చిన ప్రతివాళ్లూ అనే మాటే. ఆయనకు కోపం వచ్చింది. నేను చూసిన ఒకే ఒక్క కోపం అది.

"ఏంది బాగుండేది? వెనక్కి పోయిన బోర్డుకు తను ఏం చేసిందో గుర్తుంటదా? ఉండదు. అదే తప్పు మల్లా అట్లనే చేస్తది. గుర్తు పెట్టుకునేది ఎవురు? బయట కూర్చున్న మనం. బోర్డు మర్చిపోతది బేటా. మనం మర్చిపోయేదానికి లేదు."

సాయంత్రం స్టేటు దాచేముందు ఆయనకు ఒక అలవాటు ఉండేది. బోర్డుకు ఇవ్వవలసిన ఆజ్ఞను సగం కొట్టి ఆపేసేవారు. పూర్తి చేస్తే పోయేది ఒక్క క్షణం. చెయ్యరు. "సగం పెట్టి పోవాల. తెల్లారి వచ్చి సూస్తే చెయ్యి దానంతటదే ఎత్తుకుంటది. అంతా ముగించుకొని పోయినావనుకో, పొద్దున ఎవురో కొత్తోళ్ల ఇంటికి వచ్చినట్టు కూర్చోవాల" అనేవారు. తన కుర్చీలోనే తను కొత్తవాడినని అనిపించే పొద్దుటలు ఆయనకు ఎన్ని ఉండేవో, అప్పుడు నాకు తట్టలేదు.

ఆదివారాలు గిద్దలూరులో చెల్లెలింటికి పోయేవారు. బస్సు ఆగకముందే కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టుకోవడం మనమంతా చేసేదే. ఆయన ఎక్కి కూర్చున్నాక కూడా పక్క సీటు మీద రుమాలు పరిచి ఉంచేవారు. ఒక ఆదివారం కంభం పోవడానికి నేనూ అదే బస్సు ఎక్కాను. "ఎవరైనా వస్తున్నారా సార్?" అని అడిగాను. "రావచ్చు" అని రుమాలు తీసి, నన్ను కూర్చోమన్నారు. కంభంలో నేను దిగి, బస్సు కదులుతుంటే చూశాను. ఆ సీటు మీద రుమాలు మళ్లీ పరిచి ఉంది. ఆయనకు పెళ్లయిందనీ, కాలేదనీ, అయిన మనిషి ఎక్కువ రోజులు బతకలేదనీ ఆఫీసులో మూడు కథలు ఉండేవి. ఏది నిజమో నేను అడగలేదు.

కింద గోడౌనులో అంచు విరిగిన పలక ఒకటి పారేస్తుంటే తెచ్చి, కిటికీ పక్కన మేకుకు తగిలించుకున్నారు. కొత్తగా చేరినవాళ్లకు ఒక సూత్రం చెప్పగానే బలపంతో దాన్ని పలక మీద రాస్తారు. కింద, విన్నవాళ్లు తమ చేత్తో తమ పేరు రాయాలి. ఆయన చూడకుండా మూడుసార్లు ఆ పని సరిగ్గా చేస్తే, అప్పుడు తడిగుడ్డతో తుడిచి ఇంకోటి రాస్తారు. ఒకటో తరగతి చదువులే అని నవ్వుకున్నాను. డిగ్రీ చదివి వచ్చినదాన్ని కదా.

నాకు పడ్డ సూత్రం ఇది. బోర్డుకు రెండు జ్ఞాపకాలు ఉంటాయి. ఒకటి కరెంటుతో పాటే పోతుంది. రెండోది కరెంటు పోయినా ఉంటుంది, దాన్ని ఫ్లాష్ అంటారు. స్టేటు దాచినప్పుడు మొదటిది మాత్రమే అందులోకి వస్తుంది. ఫ్లాష్ వేరే ఫైలు. దాన్ని మనమే పక్కన కాపీ చేసుకుని, వెనక్కి పోయిన ప్రతిసారీ మనమే తిరిగి పెట్టాలి. పెట్టకపోతే ఏమవుతుంది? పోయిన టెస్టులో పూర్తిగా ఎక్కిన కొత్త ప్రోగ్రాం బోర్డు కడుపులో అలాగే ఉంటుంది. ఇప్పుడు సగంలో కరెంటు తీసినా బోర్డు హాయిగా లేస్తుంది. టెస్టు పాసయిందని మనం మోసపోతాం.

'రెండూ కలిపి దాచాలి' అని పలక మీద రాశారు. కింద నా పేరు రాశాను. వేళాకోళానికి చివరి అక్షరానికి పొడుగ్గా తోక కూడా తీశాను. ఆయన దాన్ని చూసి, "సరే, తోకతో సహా విన్నావు" అని నవ్వారు.

ఆ ఎండాకాలం కొత్త ప్రోగ్రాం పొలాలకు పంపాలి. టెస్టులు నాకు అప్పగించారు. ఫ్లాష్ తిరిగి పెట్టడానికి ప్రతిసారీ ఐదు నిమిషాలు పట్టేది. మాది తర్లుపాడు పక్కన పల్లె. ఐదున్నర ఆటో తప్పితే, ఇంకో ఆటో నిండేదాకా గంట కూర్చోవాలి. చివరి పది టెస్టులకు స్టేటు మాత్రం వెనక్కి తెచ్చి, ఫ్లాష్ వదిలేశాను. పదీ పాసయ్యాయి.

"రెండూ కలిపే కదా?" అని అడిగారు ఆయన.

"ఆ సార్" అని చెప్పులు వేసుకున్నాను. నా మాట మీద ఆయన సంతకం పెట్టారు.

ప్రోగ్రాం ఫోన్ సిగ్నల్ మీద పొలాలకు పోయింది. అది ఎక్కుతుండగా తర్లుపాడు వైపు కరెంటు పోయింది. కరెంటు తిరిగి వచ్చాక ముప్పై డబ్బాలు లేవలేదు. ఎండలు మండిపోతున్నాయి. బత్తాయి చెట్లు పిందె మీద ఉన్నాయి.

నేను ఆఫీసుకు పోయేసరికి ఆయన ఫైళ్లన్నీ చూసేశారు. ఫ్లాష్ ఫైలు మీద టైము చూస్తే చాలు, ఎప్పటినుంచి తిరిగి పెట్టలేదో తెలిసిపోతుంది. నన్ను చూసి, "ఏమన్నా తిన్నావా బేటా?" అని మాత్రం అడిగారు. ఇంతలో ఓనరు మా గదిలోకే వచ్చారు. సాయిబు సారు లేచి కిటికీ దగ్గరికి పోయి, పలకకు అడ్డంగా నిలబడ్డారు.

"టెస్టులన్నీ పాసని రాసినారు. మరి డబ్బాలు ఎట్ల సచ్చినాయి?" అన్నారు ఓనరు.

"ఫ్లాష్ తిరిగి పెట్టకుండా చేసినాము సార్, చివర్లో" అన్నారు ఆయన.

ఓనరు నా వైపు తిరిగారు. "టెస్టులు చేసింది నువ్వు కదా. పెట్టాలని తెలియదా నీకు?"

"నాకు చెప్పలేదు సార్" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదని రాయబోయాను. తెలుసు. చేరి మూడు నెలలు కాలేదు. ఉద్యోగం పోతుందని భయం. ఇంట్లో అందరితో కొట్లాడి తెచ్చుకున్న ఉద్యోగం.

ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఉన్నారు. నేను గోడవారగా ఉన్నాను కాబట్టి నాకు కనిపించింది, ఓనరుకు కనిపించలేదు. వెనకనుంచి ఆయన బొటనవేలు పలక మీద నా పేరును వెతుక్కుని, మెల్లగా, తోకతో సహా తుడిచేసింది.

"అవును సార్. చెప్పలేదు. నాదే పొరపాటు" అన్నారు.

ఓనరు తలుపు దాకా పోయి వెనక్కి తిరిగారు. "రేపట్నుంచి మీరు పొలాలు తిరిగి బోర్డులు మార్చండి భాయ్. ఇక్కడ టెస్టులు ఈ పిల్ల చూసుకుంటది" అని పోయారు. ఆయన వేలికి అంటిన బలపం పొడిని ప్యాంటుకు తుడుచుకుని, టెస్టర్ ఉందో లేదో జేబు తడిమి చూసుకున్నారు.

ఒకరోజు సాయానికి నన్ను కూడా వెంట పంపారు. ఆ రోజు మార్చాల్సిన వాటిలో మా పెదనాయన తోటలో డబ్బా ఒకటి. పెదనాయన గట్టు మీదనే ఎదురొచ్చాడు.

"ఎవురు సాయిబూ, ఈ ప్రోగ్రామో గీగ్రామో మా నెత్తిన రుద్దింది?"

"నేనే పెద్దాయనా."

"తల పనిచేస్తదా నీకు? మూడు దినాలాయె చెట్లకు నీళ్లు లేక. రాలిన పిందె నువ్వొచ్చి అతికిస్తావా?"

"తప్పయింది పెద్దాయనా."

"మా పిల్ల గూడ మీ కాడనే చేస్తాంది. దానికి ఇట్లాంటి పనులు నేర్పబాక."

ఆయన మరలు విప్పుతూ, తల ఎత్తకుండా, "ఆ పిల్ల బాగా చేస్తది. సూస్తా ఉండు" అన్నారు.

నేను డబ్బా మూత పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. పెదనాయన నన్నేమీ అనడు, నా ఉద్యోగం తన చేతిలో లేదు. అక్కడ చెప్పడానికి భయపడవలసింది ఏమీ లేదు. అయినా చెప్పలేదు. ఆఫీసులో చెప్పిన అబద్ధానికైనా నన్ను నేను క్షమించుకోగలనేమో, ఆ మూత పట్టుకుని నిలబడ్డందుకు మాత్రం కాదు.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు మీద బస్సు కోసం చూస్తూ, "సార్, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను. "బస్సు వస్తాంది, ఎయ్యి ఎయ్యి" అని తన రుమాలు నా చేతిలో పెట్టారు. బస్సులో కూర్చున్నాక మళ్లీ "సార్" అన్నాను. "నిద్రొస్తాంది బేటా" అని కళ్లు మూసుకున్నారు. నిద్రపోవడం లేదని రెప్పలు చెబుతూనే ఉన్నాయి. మార్కాపురం వచ్చేదాకా అలాగే ఉన్నారు.

ముప్పై బోర్డులూ మార్చడం అయ్యాక, మోకాళ్ల నొప్పులని చెప్పి మానేశారు. ఆఖరి రోజు సాయంత్రం కంప్యూటర్ ఆపి నా బల్ల దగ్గర ఆగారు. "పోయొస్తా. స్టేటు దాచినాను, రెండూ కలిపే" అన్నారు. నేను తెర మీదినుంచి చూపు తిప్పకుండానే "సరే సార్" అన్నాను. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు పోయేదాకా ఏదో చదువుతున్నట్టు కూర్చున్నాను.

ఏడాది తరువాత ఒకసారి గిద్దలూరు స్టేషనులో కనిపించారు. బెంచీ మీద ఒక్కరే. చొక్కా జేబులో టెస్టర్. పక్కన బెంచీ మీద రుమాలు పరిచి ఉంది. నాకూ ఆయనకూ మధ్య పదడుగులు లేవు. "ఎవరైనా వస్తున్నారా సార్?" అని అడిగి ఉంటే సరిపోయేది. నేను చున్నీ తల మీదికి లాక్కుని, గబగబా వెనక పెట్టెల వైపు నడిచి ఎక్కాను. రైలు కదిలాక కిటికీలోంచి చూశాను. ఆయన రైలు ఎక్కలేదు, ఎవరినీ దించడానికి వచ్చినట్టూ లేదు. అలాగే కూర్చుని ఉన్నారు. ఊరికే అక్కడికి వచ్చి కూర్చునేవారని నాకు ఆ క్షణంలో అర్థమైంది. అర్థమై కూడా ఒక్క ఫోన్ చెయ్యలేదు. నంబరు నా దగ్గర ఉంది.

పోయిన వారం మధ్యాహ్నం ఆ పాత కంప్యూటర్లో ఆయన ఫోల్డరు తెరిస్తే, లోపల ఫైళ్లు రెండే. స్టేటు, ఫ్లాష్. రెండూ కలిపే. రెండూ ఎక్కించాను. ఉత్తుత్తి బోర్డు ఆయన ఆపినచోటికి వచ్చి నిలబడింది. దాని గడియారం ఆ ఆఖరి రోజు సాయంత్రం ఐదూ పది అంటోంది. కింద, బోర్డును లేపే ఆజ్ఞ, 'బూట్' అనే మాట, ఇంగ్లీషులో నాలుగక్షరాలు. రెండు కొట్టి ఉన్నాయి. వాటి పక్కన కర్సరు గీత ఆరుతూ వెలుగుతూ ఉంది.

మర్నాడు రానని ఆయనకు తెలుసు. తెలిసి కూడా సగం పెట్టి పోయారు. ఆ కుర్చీలో పొద్దున వచ్చి కూర్చునేది నేనేనని, కొత్తవాళ్ల ఇంటికి వచ్చినట్టు ఉండకూడదని. నేను మూడేళ్లు తెరవలేదు. ఆ గీత ముందు కూర్చుని ఏడ్చాను, చాలాసేపు. తరువాత ముక్కు తుడుచుకుని మిగతా రెండక్షరాలు కొట్టాను. బోర్డు బాగానే లేచింది. గడియారం ఐదూ పదకొండుకు మారింది.

అన్నాలు తిని అందరూ వచ్చారు. ఓనరు వెంట ఆ వారమే చేరిన అమ్మాయి ఒకతె ఉంది. కొత్తవాళ్లు ఎవరు చేరినా ఓనరు ముందు కిటికీ దగ్గరికి తీసుకుపోతారు. ఆ పలకను మూడేళ్లుగా ఎవరూ తుడవలేదు. 'రెండూ కలిపి దాచాలి', కింద తెల్లగా ఒక మరక.

"పాతాయన ఒకడు ఉండె. ఈ ముక్క పిల్లకు చెప్పక మమ్మల్ని నిలువునా ముంచినాడు. అంతా అయినాక బుద్ధొచ్చి రాసి పెట్టి పోయినాడు" అన్నారు ఓనరు, ఎప్పుడూ అనే మాటే.

నేను ఎప్పుడూ ఆ మాట వినబడనట్టు తల వంచుకునేదాన్ని. ఆ రోజు లేచాను. కిటికీ కింద సొరుగులో ఆయన వదిలేసిన బలపం ముక్క ఇంకా ఉంది. ఆ తెల్ల మరక మీద నా పేరు రాశాను. ఇప్పుడు టెస్టులన్నీ నా చేతి మీదే, నన్ను ఉద్యోగంలోంచి తీసేసేవాళ్లు లేరు కాబట్టి దీన్ని ధైర్యం అనడానికి లేదు. అక్షరాలు వంకరగా వచ్చాయి. తోక తీయలేదు.

"నీ పేరెందుకమ్మా అక్కడ?" అన్నారు ఓనరు.

"ఇది తప్పు జరిగినాక రాసింది కాదు సార్. ముందే రాసినారు. విన్నాను కాబట్టి కింద నా పేరు రాసినాను. ఆయన నాకు చెప్పలేదని నేను అన్నప్పుడు, మీ ముందరే, వెనక చేత్తో తుడిచేసినారు."

ఓనరు పలక వైపు చూశారు. నా వైపు చూశారు. కొత్తమ్మాయి ఎటు చూడాలో తెలియక కిటికీ బయటికి చూసింది. ఓనరు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. జేబులోంచి ఫోన్ తీసి, పేర్లు పైకీ కిందికీ జరుపుతూ వెతికారు.

"ఎంతమందికి చెప్పినానో ఈ మూడేండ్లల్లో" అన్నారు. "నా కాడ లేదే. నీ కాడ ఉందా ఆయన నంబరు? ఒక్క మాట మాట్లాడాల."

"నంబరు ఉంది సార్" అన్నాను. "మనిషి లేడు."